‘గదా’ లేని ప్రశ్న

ఎండలు ముదరకముందే ఈసారి కూలర్‌లో కొత్త గడ్డి వేయించాను. నీళ్లు నింపి స్విచ్ వేయగానే మొదటి గాలితో పాటు తడిసిన గడ్డి వాసన గదంతా నిండింది. సరిగ్గా అప్పుడు నా ఎదుట కంప్యూటర్ తెర మీద, నాతో పనిచేసే ఒక అమ్మాయి రాసి పంపిన ప్రోగ్రామ్ తెరిచి ఉంది. అందులో ఒక వరుస దగ్గర నా కళ్లు ఆగాయి. తెర మీద ఒక కిటికీ చూపించమని కంప్యూటర్‌కు ఇచ్చిన ఆజ్ఞ అది. ఆజ్ఞ చివర బ్రాకెట్లలో మూడు మాటలున్నాయి: ట్రూ, ఫాల్స్, ట్రూ. నా ప్రమేయం లేకుండానే పెదవులు కదిలాయి. “కిటికీ చూపించు, నిజం, అబద్ధం, నిజం” అని పైకే చదివాను. చదివి, ఎవరో నన్ను అడ్డుకుంటారని ఆగాను. ఎవరూ అడ్డుకోలేదు. అడ్డుకునే అవ్వ పోయి చాలాకాలమైంది. ఆమె చేత నన్ను అడిగించిన శాంతాబాయి మేడం కూడా ఇప్పుడు లేరు.

నా వ్యాసాలు చదివేవాళ్లు నన్ను ఎవరెవరి శిష్యుడిగానో ఊహించుకుంటారు. దయ్యాలు, చేతబడులు, బాబాల మహిమల మీద నేను రాసే పద్ధతి చూసి, ఎవరో పెద్ద వక్త దగ్గర నేర్చుకున్నాననుకుంటారు. తిట్టడం నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు, ఒప్పుకుంటాను. అడగడం నేర్పింది మాత్రం ఒక్కరే. ఆమె ఏ వేదికా ఎక్కలేదు, ఒక్క వ్యాసమూ రాయలేదు. బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లో ఒక విత్తనాల దుకాణం ఉండేది. దాని మీది అంతస్తులో ఐదు కంప్యూటర్లు పెట్టి ఆమె పాఠాలు చెప్పేవారు. వర్ని వైపు ఒక తండా వారిది. హైదరాబాదులో కంప్యూటర్ తెరలకు ప్రోగ్రాములు రాసే కంపెనీలో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చేశారు. ఎందుకొచ్చారని ఎవరడిగినా “నాకు గీడ పని ఉండె” అనేవారు, అంతే. గదిలో ఒకే ఒక్క కూలర్. దాని ముఖం మెషిన్ల వైపు తిప్పి ఉండేది. మా వైపు తిప్పమంటే, మనుషులకు చెమట పడితే తుడుచుకుంటారు, మెషిన్ తుడుచుకోలేదు అనేవారు.

నేను అక్కడికి వెళ్లేనాటికి కోటగిరి దగ్గర మా ఊళ్లో వ్యవసాయం వదిలి, డిగ్రీ ముగించి, మూఢనమ్మకాల మీద ఊరూరా సభలు పెట్టే కుర్రకారులో చేరి ఉన్నాను. గొంతు పెద్దది. తర్కం మీద నమ్మకం దానికంటే పెద్దది. ఎదుటివాణ్ణి మైకు ముందు నిలబెట్టి, “అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పు” అని నిలదీస్తే ఏ బాబా భక్తుడైనా నీళ్లు నమలాల్సిందే అని నా అనుభవం. సభలు కడుపు నింపవు కాబట్టి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని బతుకుదామని వచ్చాను. మెట్లెక్కి చూస్తే గుమ్మానికి నిమ్మకాయ, ఎండు మిరపకాయలు వేలాడుతున్నాయి. ఇక నన్ను ఆపేదెవరు? ఫీజు సంగతి, పాఠాల సంగతి అడగకముందే, ఈ నిమ్మకాయ మీ మెషిన్లను కాపాడుతుందని మీరు నమ్ముతున్నారా, అవునా కాదా అని అడిగాను.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూశారు. “అవునంటే నమ్మి కట్టినట్టు. కాదంటే నమ్మకుంటనే కట్టినట్టు. కట్టింది కింది దుకాణపాయన, తమ్మీ. గుమ్మం ఆయనది” అన్నారు. నేను తడబడుతుంటే ఇంకో మాట కలిపారు. “నేను మనిషిని గాబట్టి నీ ప్రశ్నల తప్పున్నదని చెప్పిన. మెషిన్‌ను గిట్ల అడిగినవనుకో, అది తప్పని చెప్పదు. జవాబు చెప్తది.”

ఆ రోజు నాకు ఒళ్లు మండింది. గొంతుతో గెలవలేని వాదన అదే మొదటిది. మరునాడు ఫీజు కట్టాను.

తెర మీద కిటికీలు, మీటలు, టిక్కు పెట్టే గడులు తయారుచేయడం ఆమె మాకు నేర్పారు. ఒక పనిని ఎలా చేయాలో ముందే రాసి, దానికి ఒక పేరు పెట్టుకుంటాం. తర్వాత ఆ పేరు పిలిస్తే చాలు, కంప్యూటర్ ఆ పని చేస్తుంది. పిలిచేటప్పుడు బ్రాకెట్లలో అందించే వివరాలను ఆర్గ్యుమెంట్లు అంటారని మొదటి వారంలోనే చెప్పారు. ఆర్గ్యుమెంట్ అంటే వాదన అని మాత్రమే తెలిసినవాణ్ణి నేను. సరైన చోటికే వచ్చానని సంబరపడ్డాను. ఆ వివరాల్లో కొన్ని అంకెలు, కొన్ని పేర్లు, కొన్ని ఒట్టి ట్రూ, ఫాల్స్. వీటిని బూలియన్లు అంటారు. నిజం, లేదంటే అబద్ధం. మూడోది లేదు. ఆ మాట విన్నప్పుడు నాకు సొంత ఇల్లు దొరికినట్టయింది. ప్రపంచం మొత్తం ఇలా ఉంటే ఎంత శుభ్రంగా ఉండేది అనుకున్నాను.

మేడం దగ్గర ఒక పద్ధతి ఉండేది. రాసిన ప్రతి వరుసనూ తెలుగులో పైకి చదివి వినిపించాలి. వినేది ఆమె కాదు, వాళ్లమ్మ మోతీబాయి. మేమందరం అవ్వా అని పిలిచేవాళ్లం. కూతురితో పాటు షేర్ ఆటోలో వచ్చి, కూలర్ పక్కన స్టూలు మీద కూర్చుని, గుడ్డకు చిన్న చిన్న అద్దాలు కుట్టుకుంటూ ఉండేది. అక్షరం రాదు. తెలుగు ఆమెకు ఇంటి భాష కాదు, సంతలోనూ పొలాల్లోనూ పట్టుకున్న భాష. అలాంటి మనిషికి అర్థమయ్యేలా చదవగలిగితే ఆ వరుస ఉంటుంది. లేకపోతే తిరగరాయాలి.

నా మొదటి పరీక్ష గుర్తుంది. “కిటికీ కనిపించు, అవును” అని చదివాను. అవ్వ తలెత్తకుండానే “ఊఁ, కనిపియ్యనీ” అంది. రెండో వరుస చదివాను. “మీట పెట్టు, పేరు ‘సరే’, నిజం, అబద్ధం.” సూది ఆగింది.

“ఏంది నిజం?” అంది అవ్వ. “ఏంది కాదు?”

మొదటిది మీట కనిపించాలా వద్దా అన్నదానికి, రెండోది నొక్కితే పనిచేయాలా వద్దా అన్నదానికి అని వివరించాను. ఈ రెండూ ఏ వరుసలో వస్తాయో ముందే నిర్ణయమై ఉందని కూడా చెప్పాను.

“మరి గది చెప్పు బిడ్డా. నిజం, అబద్ధం అనుకుంట పంచాయితీల ప్రమాణం జేస్తున్నవ్” అని అవ్వ మళ్లీ కుట్టుకోసాగింది. పక్క కుర్చీల్లో వాళ్లు పగలబడి నవ్వారు. మేడం నవ్వలేదు. కంప్యూటర్‌కు వరుస గుర్తుంటుంది, మనిషికి పేరు గుర్తుంటుంది, రేపు ఈ వరుసను చదవాల్సింది మనిషి అని చెప్పారు. ‘కిటికీ కనిపించు’ అన్న పేరులోనే ప్రశ్న ఉంది కాబట్టి దాని పక్కన ఒక్క అవును ఉంటే చాలు, ఎవరూ పొరబడరు. ‘మీట పెట్టు’ అన్నదానిలో అవును, కాదు అనే ప్రశ్నే లేదు. ప్రశ్న లేని చోట రెండు జవాబులు పెడితే, అవి దేనికి జవాబులో రాసినవాడికి మాత్రమే తెలుస్తుంది. నెల తిరిగితే వాడికీ తెలియదు.

ఇంకో రోజు బోర్డు మీద ఫాల్స్ అని రాసి, దీన్ని తెలుగులో ఏమంటారని అడిగారు. అబద్ధం అన్నాను. మరొకరు కాదు అన్నారు. మేడం తల అడ్డంగా ఊపారు. “మీట కనబడొద్దు అంటే వద్దు. టిక్కు పెట్టలేదు అంటే లేదు. గీయన రైతు కాదు అంటే కాదు. మనకు మూడున్నయి తమ్మీ. మెషిన్ మూడిట్నీ ఒక్క సంచిల వేసి మూతి కడ్తది. ఏది ఏందో రాసేటోనికి ఎరుకుండాలె” అన్నారు. తమ ఇంటి భాషలోనూ అంతేనని, ఆ తేడా తెలియకుండా తండాలో పూట గడవదని కూడా అన్నారు. నేను ఎన్ని గ్రంథాలు తిరగేశాను! మన భాషలో లేదు, కాదు, వద్దు అన్నవి వేరువేరు తలుపులని ఆ గదికి వెళ్లేదాకా గమనించలేదు.

వాటిని గమనించడం వేరు, నమ్మడం వేరు. ఆ చలికాలంలో వర్ని దగ్గర ఒక పల్లెలో బాణామతి అనే చేతబడి పుకారు లేచింది. ఒక ఇంటి కోడలు జ్వరంతో పలవరిస్తుంటే, వీధి చివరి ముసలిదాన్ని అనుమానించి నలుగురూ గుసగుసలాడుతున్నారు. అలాంటి గుసగుసలు ఎక్కడికి పోతాయో మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. మేం సభ పెట్టాం. మేడం కూడా వచ్చి వెనక నిలబడ్డారు. ఆ కోడలి మామను నేనే మైకు దగ్గరికి పిలిచాను. బాణామతి లేదు, అంతేనా, ఒక్క మాట చెప్పు అని నిలదీశాను. ఆయన “లేదు సారూ. గానీ అయితది” అన్నాడు. జనం గొల్లుమన్నారు. లేనిది ఎలా అవుతుందో నాకు చెప్పండి అని నేను ఇంకాస్త నవ్వించాను. ఆయన దిగి, జనంలోంచి బయటికి వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో మేడం మాట్లాడారు. “లేదన్నది నీ కోసం అన్నడు. అయితది అన్నది ఆయన ఇంట్లది. కోడలు మంచాన పడ్డది, ఎందుకో ఆయనకు ఎరుక లేదు. గది చెప్పనీకె నీ సభల గడి ఎక్కడున్నది?” నేను వాదించాను. బాణామతి అబద్ధం, అబద్ధాన్ని అబద్ధమనడానికి మొహమాటం ఎందుకన్నాను. అబద్ధమేనని ఆమె ఒప్పుకున్నారు. ఆ విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ తేడా రాలేదు. నేను ఈనాటికీ అక్కడినుంచి వెంట్రుకవాసి కదలలేదు. తేడా అంతా అడిగే తీరులోనే. అది నాకు ఆ ఆటోలో ఎక్కలేదు. ఎక్కడానికి అవ్వ ప్రాణం మీదికి రావలసి వచ్చింది.

ఊళ్లో ఒక చిన్న దవాఖాన డాక్టరు, రోగుల వివరాలు రాసుకోవడానికి ఒక తెర తయారుచేయమని మేడంను అడిగారు. ఆమె ఆ పని నాకిచ్చారు. నా మొదటి సంపాదన అది. పేరు, ఊరు, వయసు, జబ్బు రాసుకోవాలి. వీటికి తోడు డాక్టరు పట్టుబట్టి చేర్పించిన ప్రశ్న ఒకటుంది. కొందరికి కొన్ని మందులు పడవు. ఆ సంగతి తెలియకుండా సూది వేస్తే ఒళ్లు వాచి, ఊపిరి ఆడక మనిషి పోవచ్చు. కాబట్టి ఆ గడి ముందుగా ఖాళీగా ఉండాలి. రోగిని అడిగి నింపకుండా తర్వాతి గడికి పోనివ్వకూడదు. గడి పక్కన రాత ‘అన్ని మందులూ పడతాయి’. ఇవన్నీ తెర మీద పెట్టడానికి ‘ప్రశ్న అడుగు’ అనే పని ముందే రాసి ఉంది. దానికి రాతతో పాటు రెండు బూలియన్లు ఇవ్వాలి. మొదటిది టిక్కు ముందే ఉండాలా అని, రెండోది తప్పక అడగాలా అని. నాకు కావలసింది ‘కాదు, అవును’. నేను రాసింది ‘అవును, కాదు’. తప్పక అడగడమే ముఖ్యం కాబట్టి అదే మొదట ఉంటుందని నా బుర్ర దానంతటదే నిర్ణయించుకుంది.

ఆ సాయంత్రం నాకు ఇంకో ఊళ్లో సభ ఉంది. మోటారు సైకిల్ స్టార్ట్ చేసి స్నేహితుడు కింద హారన్ కొడుతున్నాడు. వరుసలన్నీ చదివావా అని మేడం అడిగారు. చదివానన్నాను. నిజానికి పేరు, ఊరు, వయసు దాకా చదివి లేచాను. అవ్వ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. అబద్ధాల మీద ఉపన్యాసం ఇవ్వడానికి అబద్ధం చెప్పి వెళ్లానని అప్పుడు నాకు తట్టలేదు.

తెర పనిచేసింది. డాక్టరు మెచ్చుకున్నారు. వచ్చిన ప్రతి రోగికీ వివరాలతో ఒక చీటీ అచ్చయి చేతికి అందేది. మూడు వారాల తర్వాత, కోతల్లో అవ్వ మడమకు కొడవలి తగిలి చీము పట్టింది. మేడంకు తరగతి ఉండటంతో ఆమె ఒక్కతే నడుచుకుంటూ ఆ దవాఖానకు వెళ్లింది. పాఠం ముగించి మేడం చేరుకునేసరికి నర్సు పెన్సిలిన్ సూది చేతిలోకి తీసుకుని ఉంది. మేడం చిన్నపిల్లగా ఉన్నప్పుడు అవ్వకు అదే సూది వేస్తే మొహం గుర్తుపట్టలేనంతగా వాచి, రెండు రోజులు మాట పడిపోయిందట. మేడం నర్సు చేయి పట్టుకున్నారు. మంచం మీద పెట్టిన చీటీలో ‘అన్ని మందులూ పడతాయి’ అని ఉంది, పక్కన టిక్కు ఉంది.

వేరే మందు ఇప్పించి, కట్టు కట్టించి, అవ్వను పట్టుకుని మెట్లెక్కించి తీసుకొచ్చారు మేడం. జరిగింది రెండు ముక్కల్లో చెప్పారు. గొంతు పెంచలేదు. కంప్యూటర్ తెరిచి, ఆ వరుస దగ్గర ఆపి, నన్ను చదవమన్నారు.

“ప్రశ్న అడుగు, అన్ని మందులూ పడతాయి, నిజం, అబద్ధం” అని చదివాను.

కట్టు కట్టిన కాలు చాపుకుని అవ్వ ఎప్పటిలాగే అడిగింది. “ఏంది నిజం బిడ్డా?”

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్న మూడు వారాల ముందు పడవలసింది. పడనివ్వకుండా లేచిపోయింది నేనే. తప్పు నాదేనని ఆ క్షణంలో అని ఉంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో ముగిసేది. వేదికల మీద పెరిగిన నాలుక ఊరుకోదు. తెర మీద ఏమున్నా రిజిస్టర్ దగ్గర కూర్చున్న అమ్మాయి నోటితో అడగాల్సింది అన్నాను. మేడం నాతో వాదించలేదు. అవ్వ వైపు తిరిగి, ఆ పిల్ల అడిగిందా అన్నారు.

“అడిగింది. ‘మందులన్నీ పడ్తయి గదా అవ్వా’ అన్నది. ఊఁ అన్న.”

“నీకు పడని మందు ఉన్నదని నీకు ఎరుకే. ఊఁ అని ఎందుకన్నవ్?”

అవ్వకు ఆ ప్రశ్న వింతగా తోచింది. “గదా అన్నంక ఇగ ఏమంటం? ఆ పిల్ల అప్పటికే అనుకున్నది. లేదంటే ఆమె మాట కొట్టేసినట్టు గాదా” అంది.

నేను ఆ రోజు విన్నంత స్పష్టంగా తర్కశాస్త్రం ఎక్కడా వినలేదు. టిక్కు ముందే ఉంటే అడిగేవాళ్ల నోట్లో ‘గదా’ ముందే వస్తుందని మేడం అన్నారు. ఆ ‘గదా’ ఎదుటివాళ్ల నోట్లోంచి ఊఁ లాగుతుంది. అప్పుడు అడిగినట్టూ ఉంటుంది, చెప్పినట్టూ ఉంటుంది. నిజానికి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నేను చేసింది రెండు మాటల తారుమారే. కానీ సభల్లో నేను అడిగిన ప్రశ్నలన్నీ గుర్తొచ్చాయి. బాణామతి లేదు గదా? బాబా దొంగ గదా? ప్రతిదానికీ టిక్కు ముందే పెట్టి మైకు అందించాను. వచ్చిన ప్రతి ఊఁనూ గెలుపుగా లెక్క వేసుకున్నాను.

రెండు మాటలనూ తారుమారు చేసి, ఇప్పుడు సరిపోయిందన్నాను. మేడం ఖాళీ గడి వైపు వేలు చూపించారు. టిక్కు లేదంటే ఏమిటి అని అడిగారు. మందులు పడవనా? అడగలేదనా? రోగికే తెలియదనా? ఆ గడి తీసేసి దాని చోట మూడు పెట్టాం: పడతాయి, పడవు, తెలియదు. మూడింటిలో ఒకటి రోగి నోటి నుంచి వచ్చేదాకా ముందుకు పోవడానికి లేదు. ఒట్టి నిజం, అబద్ధం ఇచ్చే చోట ‘ముందే ఎంచవద్దు’, ‘తప్పక అడగాలి’ అని పేర్లే రాశాం. అవ్వ విని, ఊఁ అంది. ఆ ఊఁ నిజమైనదేనా అని నేను ఇంకోసారి చదివాను.

పాత వివరాల్లో అందరికీ ఒకే ఆజ్ఞతో ‘తెలియదు’ అని మార్చవచ్చని నేనే ఉత్సాహంగా చెప్పాను. ఒక్క వరుస చాలు.

“మార్చు. అది మెషిన్‌ల ఉన్నది” అన్నారు మేడం. “వాళ్ల చేతులల్ల చీటీలు ఉన్నయి తమ్మీ. ఏ దవాఖానకు పోయినా గదే చూపిస్తరు.”

డాక్టరుకు సంగతి చెప్పి, పేర్ల పట్టిక తీసుకున్నాను. వంద దాటిన పేర్లు. ఆటోల్లో, దొరికినప్పుడు స్నేహితుడి బండి మీద, లేనప్పుడు కాలువ గట్ల వెంట నడిచి తిరిగాను. ప్రతి ఇంటి ముందూ చెప్పవలసిన మాటలు మేడం నాకు రాసివ్వలేదు, నేనే కూర్చుకోవాలన్నారు. మీ చీటీలో ఒక తప్పు ఉంది, రాసింది నేను, పాతది ఇవ్వండి, కొత్తది రాసిస్తాను. ఇంతే. ఈ నాలుగు ముక్కలు నోట్లోంచి రావడానికి మొదటి ఊళ్లో నాకు గంట పట్టింది. మొదటి ఇంట్లోనే, “మీకు మందులన్నీ పడ్తయి గదా” అని అలవాటుగా అనేసి నాలుక కరుచుకున్నాను. వర్ని దగ్గర కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన, మీకు ఏ మందు పడదండీ అని నేను జాగ్రత్తగా అడిగితే, “సాయంకాలం మందు బానే పడుద్దండీ. పొద్దుటిదే ఇంట్లో ఆవిడకి పడదు” అన్నాడు. లోపల్నుంచి ఆవిడ ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. నేను మంచం మీద కూర్చుని, నవ్వు ఆగేదాకా ఉండి, మళ్లీ అడిగాను. అప్పుడు ఆలోచించి, పడని మందు ఏదీ లేదని చెప్పాడు.

పట్టికలో చివరి పేరు జుక్కల్ వైపు పల్లెలో ఒక రైతు భార్యది. వాకిట్లో కందులు చెరుగుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. నీకు పడని మందు ఏదైనా ఉందా అక్కా అని అడిగాను. “ఊఁ” అంది. అది ఉంది అనే ఊఁ కావచ్చు, విన్నాను అనే ఊఁ కావచ్చు. పాత నేనైతే ఏదో ఒకదానికి టిక్కు కొట్టి లేచేవాణ్ణి. ఈసారి కూర్చున్నాను. ఆమె చేట దులిపి, ఇంకో చేట నింపుకుని, అదీ చెరిగింది. నాకు అదంతా ఒక పూటలా అనిపించింది. తర్వాత తనే చెప్పింది. కాన్పు తర్వాత జ్వరానికి ఒక మందు ఇస్తే గొంతు మూసుకుపోయిందట. పోతున్నానేమో అనుకుందట. దాని పేరు తెలియదు గానీ, ఆ మాత్రల ఖాళీ పట్టీ దాచి ఉంచింది. లోపలికి వెళ్లి తెచ్చి చూపించింది. ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదా అని అడిగాను. “నేను చెప్పేదాంక ఎవ్వరు కూసున్నరు?” అంది.

పట్టీ మీది పేరు కొత్త చీటీలో పెద్ద అక్షరాలతో రాశాను. పాత చీటీ తీసుకుని చించాను. ఆమె చించడం చూసి, “తప్పు రాసింది ఎవరు?” అంది. నేనేనక్కా అన్నాను. “రాసినోడే వచ్చిండా?” అని నన్ను వింతగా చూసి, చేట పక్కన పెట్టి, చాయ్ పెట్టడానికి లేచింది.

బాన్సువాడ తిరిగొచ్చి మేడంకు పట్టిక అప్పగించాను. ఆమె ఒక్కో పేరూ వేలితో చూసుకుంటూ పోయారు. చివరి పేరు దగ్గర ఆగి, నేను చెప్పిందంతా విన్నారు. మెచ్చుకోలేదు. పట్టిక మడిచి పక్కన పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

“అందర్నీ అడిగొచ్చినవ్. నీకేం పడదు తమ్మీ?”

నన్ను ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఏదో చమత్కారం చెప్పబోయాను. ఆమె ఎదురుచూస్తూ కూర్చున్నారు.

“తప్పు నాదని ఒప్పుకునుడు పడదు మేడం” అన్నాను.

“పడ్తది” అన్నారామె. “జర జర అలవాటైతది.”

ఈ మధ్య నా వ్యాసంలో ఒక పొరపాటును ఒక పాఠకుడు పట్టుకుని ఉత్తరం రాశాడు. సవరణ రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మొదటి మూడు రోజులూ అతని ఉత్తరంలో తప్పులు వెతికాను. నాలుగో రోజు రాసి పంపాను. మేడం చెప్పిన మాట ఇంకా నిజం కాలేదు. అబద్ధమూ కాలేదు.